పల్లిపాడు నుంచి మైపాడు దాకా: అమిష్ పల్లెలు చూసొచ్చిన కళ్ళతో మన నెల్లూరు తీరం

పైన పెట్టిన వీడియోలో పల్లిపాడు ఆశ్రమం, పెన్న గట్టు, మైపాడు దారి చూపించాను. వీడియోలో అన్నీ చెప్పడం కుదరలేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నా. ముందు ఇది చదివి తర్వాత వీడియో చూసినా పర్లేదు.

ఈ మధ్య నన్ను చాలామంది అడిగే మాట ఒకటుంది. "అన్నా, మా వాడు అమెరికాలో అమిష్ వాళ్ళ ఊళ్ళకు తీసుకుపొయినాడు. కరెంటు లేదు, ట్రాక్టరు లేదు, గుర్రాలతో దున్నుకుంటా హాయిగా ఉండారు. మన దగ్గర అట్టాంటి చోటు ఏమన్నా ఉందా?" అని. మన జిల్లా నుంచి పిల్లలు అమెరికా పొయినాక, పెద్దోళ్ళు ఆరు నెలలు అక్కడా ఆరు నెలలు ఇక్కడా ఉంటున్నారు. న్యూజెర్సీలో ఉన్నోళ్ళు శనివారం పూట అమ్మానాన్నల్ని కార్లో ఎక్కించుకుని పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి తీసుకుపోవడం మామూలైపోయింది. నేనూ అట్టనే మా అమ్మాయి దగ్గరికి పొయినప్పుడు రెండు రోజులు అక్కడ తిరిగొచ్చా.

మన రాష్ట్రంలో అమిష్ అనంగానే కొందరు శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గరి కూర్మగ్రామం పేరు చెప్తారు. కృష్ణ భక్తులు కొంతమంది కరెంటు లేకుండా బతకాలని 2018లో మొదలుపెట్టిన ఊరది. బాగుంది. కానీ మాకు అంత దూరం పోనక్కర్లేదు. నెల్లూరు టౌను నుంచి అరగంట దూరంలో, నూరేళ్ళ కిందట అదే ప్రశ్న వేసుకున్న చోటు ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం. ముందు అమిష్ వాళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్తేగానీ మన తీరంలో దేన్ని చూడాలో తెలియదు.

అమిష్ వాళ్ళు దేన్ని వద్దంటారు, దేన్ని ఒప్పుకుంటారు

అమిష్ వాళ్ళది ఒక క్రైస్తవ శాఖ. 1693లో యూరప్‌లో జాకబ్ అమ్మన్ అనే పెద్దాయన వెంట విడిపోయిన వాళ్ళు. ఆయన పేరు మీదనే అమిష్ అయినారు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు అమెరికాలో దాదాపు నాలుగు లక్షల మంది ఉంటారు. అందులో నలభై వేల పైచిలుకు లాంకాస్టర్ చుట్టుపక్కలే. ఇంట్లో జర్మన్ యాసలో మాట్లాడుకుంటారు, బయటివాళ్ళతో ఇంగ్లీషు. బడి ఎనిమిదో తరగతి వరకే.

అందరూ అనుకునేట్టు వాళ్ళు యంత్రాలకు శత్రువులు కాదు. పాలు చల్లబరచడానికి డీజిల్ ఇంజన్ పెట్టుకుంటారు. వర్క్‌షాపుల్లో గాలి ఒత్తిడితో తిరిగే మిషన్లు ఉంటాయి. ఫోను వాడతారు, అయితే ఇంట్లో పెట్టుకోరు, బయట చిన్న గుడిసె లాంటి గదిలో ఉంటుంది. ఒక్కో సంఘంలో ఇరవై ముప్పై, నలభై కుటుంబాలు ఉంటాయి. వాళ్ళకు కట్టుబాట్లు ఉంటాయి, వాటిని ఏడాదికి రెండుసార్లు అందరూ కూర్చుని మళ్ళీ ఒకసారి చూసుకుంటారు. కొత్త వస్తువు ఏదన్నా వస్తే వాళ్ళు అడిగేది "ఇది మంచిదా చెడ్డదా" అని కాదు. "ఇది వస్తే మనం ఒకరికొకరం దూరమైపోతామా" అని. కారు కొంటే మనిషి ఎక్కడెక్కడికో పోతాడు, పక్కింటోడి అవసరం తీరిపోతుంది. అందుకే కారు వద్దన్నారు. వేరేవాళ్ళ కార్లో డబ్బులిచ్చి ఎక్కడానికి అభ్యంతరం లేదు.

మన ప్రకృతి రైతులకు ఇంకో మాట కూడా చెప్పాలి. గుర్రాలతో దున్నుతున్నారు కాబట్టి అందరూ మందులు లేకుండా పండిస్తారనుకోవద్దు. చాలామంది రసాయన ఎరువులు, కలుపు మందులు కొడతారు. పశువుల పేడ ఎక్కువై, వానకు కొట్టుకుపోయి చీసపీక్ అఖాతంలో కలుస్తోందని అక్కడ పెద్ద గొడవే ఉంది. ఆర్గానిక్ చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు వేరే. కాబట్టి వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఎరువుల సంగతి కాదు. కలిసి నిర్ణయం తీసుకోవడం ఎట్టా అన్నది.

లాంకాస్టర్ పోయేవాళ్ళకు

పిల్లల దగ్గరికి పోయేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. ఫిలడెల్ఫియా నుంచి పడమరగా ఇంచుమించు 110 కిలోమీటర్లు. ఆదివారం మాత్రం పోవద్దు, వాళ్ళ అంగళ్ళన్నీ మూసేస్తారు. మామూలుగా అందరూ గుర్రపు బండి ఎక్కి, స్ట్రాస్‌బర్గ్ ఆవిరి రైలు చూసి, ఫొటో దిగి వచ్చేస్తారు. రైతు అయినవాడు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మంగళవారం అయితే మాన్‌హైమ్ దగ్గర రూట్స్ సంత, శుక్రవారం అయితే ఎఫ్రటా దగ్గర గ్రీన్ డ్రాగన్ సంత. అమిష్ ఆడవాళ్ళు తెచ్చే కూరగాయలు, ఊరగాయలు, రొట్టెలు చూడొచ్చు. పొలాల పక్కన చిన్న బల్లల మీద గుమ్మడికాయలు, గుడ్లు పెట్టి డబ్బుల డబ్బా పెడతారు. కొన్ని చోట్ల మనిషి కూడా ఉండడు. చలి తగ్గే రోజుల్లో పోతే 'మడ్ సేల్' అని ఊరి వేలంపాటలు జరుగుతాయి. మంచు కరిగి నేలంతా బురదైపోతుంది కాబట్టి ఆ పేరు. పాత సేద్యపు సామాను, గుర్రాలు, బొంతలు అన్నీ వేలం వేసి, వచ్చిన డబ్బు ఊరి అగ్నిమాపక దళానికి ఇస్తారు. ఇంక ఎద్దుల సేద్యం మీద మనసున్నవాళ్ళయితే, ప్రతి ఏడాదీ జులై మొదట్లో ఏదో ఒక రాష్ట్రంలో 'హార్స్ ప్రోగ్రెస్ డేస్' జరుగుతుంది. గుర్రాలతో లాగించే కొత్త కొత్త పనిముట్లన్నీ పొలంలో దించి చూపిస్తారు. ఎద్దులకు కొత్త పనిముట్లు తయారుచేయడం మనం ఎందుకు ఆపేశామా అని అక్కడ నిలబడితే తప్పకుండా అనిపిస్తుంది.

మన ఎద్దుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం 'నెలోర్' జాతి. ఆ పేరు మన నెల్లూరుదే. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. మన ఒంగోలు ఎద్దు సముద్రం దాటిపోయి అక్కడ కోట్లల్లో పెరిగింది. మా మండలంలో జత ఎద్దులు చూడాలంటే ఇప్పుడు నాలుగు ఊళ్ళు తిరగాల.

పల్లిపాడు: ఆశ్రమంలో ఏం చూడాలి

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మండలం వైపు పోతే పెన్న ఒడ్డున పల్లిపాడు. ఇక్కడి పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ గారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. సబర్మతి పద్ధతిలో నడపాలని దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు పూనుకున్నారు. భూమి సమకూర్చడంలో పొణకా కనకమ్మ గారిది పెద్ద చెయ్యి. దక్షిణాఫ్రికాలో గాంధీ గారికి తోడుగా నిలిచిన పార్సీ రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చారు. అప్పట్లో పదివేలంటే ఎంతో ఆలోచించండి. ఆయన పేరుతోనే అక్కడి భవనం. 1929లో గాంధీ గారు మళ్ళీ వచ్చారు. ఇప్పుడు నెల్లూరు రెడ్‌క్రాస్ వాళ్ళు దీన్ని చూసుకుంటున్నారు.

చాలామంది పోయి గాంధీ విగ్రహం దగ్గర ఫొటో తీసుకుని పది నిమిషాల్లో బయటపడతారు. మీరు అట్టా చేయొద్దు. ఆ వరండాలో ఒక గంట కూర్చోండి. ఇక్కడ నూలు వడికారు, ఖద్దరు నేశారు, అంటరానితనం వద్దని అందరి పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టారు. గాంధీ ఆశ్రమాల్లో పదకొండు వ్రతాలు ఉండేవి. అందులో మన రైతులకు బాగా తగిలేవి మూడు. శరీరశ్రమ: తినే తిండికి సరిపడా ఒళ్ళు వంచి పని చేయడం. అపరిగ్రహం: అవసరానికి మించి కూడబెట్టకపోవడం. స్వదేశీ: దగ్గర దొరికేదాన్ని వదిలి దూరం పోకపోవడం. బీజామృతం, జీవామృతం తయారుచేసేవాడు మూడోదాన్ని రోజూ ఆచరిస్తూనే ఉన్నాడు. బస్తా ఎరువు కోసం అంగడికి పోకుండా, తన పశువు పేడ, తన గట్టు మట్టి వాడుకుంటున్నాడు గదా.

గాంధీ గారు కూడా యంత్రాలన్నీ వద్దన్న మనిషి కాదు. సింగర్ కుట్టుమిషన్‌ను ఆయన మెచ్చుకున్నారు. మనిషి పని తేలిక చేసేదైతే సరే, మనిషిని పనికిరానివాడిగా చేసేదైతే వద్దు అన్నది ఆయన లెక్క. పెన్సిల్వేనియాలో అమిష్ రైతు వేసుకునే ప్రశ్న, పెన్న ఒడ్డున ఆశ్రమవాసులు వేసుకున్న ప్రశ్న దగ్గర దగ్గరగా ఒకటే. అక్కడ మతం కట్టి ఉంచింది, ఇక్కడ వ్రతం కట్టి ఉంచింది. రెండు చోట్లా ఒక్కడే కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదు.

కనకమ్మ గారి గురించి ఆడవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల. నెల్లూరులో 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది ఆమే. ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' పుస్తకంగా దొరుకుతుంది. ఆశ్రమానికి పోయే ముందు చదివితే ఆ గోడలు వేరేగా కనపడతాయి.

ఆశ్రమం నుంచి పెన్న గట్టు మీదికి నడవండి. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది ఇక్కడ సముద్రానికి దగ్గరైపోతుంది. పైన సోమశిల, సంగం, నెల్లూరు బ్యారేజీలు దాటి వచ్చే నీళ్ళే మా కాలవలకు ఆధారం. సంగం, నెల్లూరు కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమైనాయి. చివరి ఆయకట్టు రైతుకు ఆ నీళ్ళు తీపి నీళ్ళుగా చేరతాయా, చేరేలోపల ఉప్పు తగులుతుందా అన్నదే ఇక్కడి నుంచి మైపాడు దాకా మీరు చూడబోయే కథ.

దారిలో: కయ్యలు, గుంటలు, బకింగ్‌హామ్ కాలవ

పల్లిపాడు నుంచి మైపాడు పోయే దారిలో బండి నిదానంగా పోనియ్యండి. మొదట వరి కయ్యలు. నెల్లూరు మొలగొలుకులు అంటే ఒకప్పుడు మద్రాసు దాకా పేరు. పొడుగు పైరు, ఎక్కువ రోజుల పంట, రుచి మాత్రం చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఎక్కువగా కనపడేది నెల్లూరు పరిశోధన స్థానం వాళ్ళ ఎన్.ఎల్.ఆర్. రకాలు. దిగుబడి అడిగితే పుట్లల్లో చెప్తారు. మా పుట్టి 850 కిలోలు. వేరే జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, లేకపోతే మాటలు కలవవు.

ఇంకొంచెం తూర్పుకు పోతే ఇసక నేలలు, సరుగుడు తోటలు, తాటి చెట్లు. వేసవిలో పోతే ముంజలు తినకుండా రావద్దు. అక్కడి నుంచి రొయ్యల గుంటలు మొదలవుతాయి. నీళ్ళను చిలికే ఏరేటర్ల చప్పుడు దూరం నుంచే వినపడుతుంది. ఒక పక్క పచ్చటి కయ్య, గట్టుకు ఇవతల గుంట. వీడియోలో ఆ గట్టు మీద నిలబడి నేను ఎక్కువసేపు ఏమీ మాట్లాడలేదు. చూస్తే మీకే అర్థమవుతుందని.

మా పొలం సంగతి చెప్తా. మూడెకరాలు, కాలవ చివర. ఎనిమిదేళ్ళుగా మందులు లేకుండా చేస్తున్నా. నవధాన్యాలు చల్లి దున్నుతా, ఘనజీవామృతం వేస్తా, జీలుగ వేసి పూత దశలో కలియదున్నుతా. మట్టి మెత్తబడింది, వానపాములు వచ్చాయి. అంతా బాగానే ఉంది, తూర్పు పక్క నాలుగు కయ్యలు తప్ప. అటు పక్క పొలం గుంట అయినాక ఆ నాలుగు కయ్యల్లో ఆకు కొసలు మాడతాయి, ఎండాకాలం నేల మీద తెల్లగా పేరుకుంటుంది. మట్టి సారంలో ఉప్పు కొలత 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది, ఆపైన ఒక్కో యూనిట్‌కు ఇంచుమించు నూటికి పన్నెండు వంతులు తగ్గుతుంది. జీలుగ కొంత కాపాడుతుంది, మంచినీళ్ళు నిలగట్టి వదిలితే కొంత కొట్టుకుపోతుంది. పక్క నుంచి ఊట ఆగకపోతే ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా ఉప్పు పోదు. ప్రకృతి సేద్యంలో నా పొలం హద్దు దాకా నా చేతిలో ఉంది. హద్దు అవతల నుంచి వచ్చే నీళ్ళు నా చేతిలో లేవు.

గుంటలు తవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. వరిలో అప్పు తీరదు, గుంట కౌలు రొక్కంగా చేతికొస్తుంది. ఆడపిల్ల పెళ్ళి, పిల్లోడి చదువు ముందుంటే ఎవరైనా ఆలోచిస్తారు. రొయ్య కూడా ఎప్పుడూ కాసులు కురిపించదు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు ఈ తీరంలో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో పెద్దోళ్ళను అడిగితే చెప్తారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వ్యవసాయ భూముల్ని, ఉప్పు మడుల్ని, ఊరి ఉమ్మడి భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని స్పష్టంగా చెప్పింది. తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, అనుమతులు, రిజిస్ట్రేషన్ల పద్ధతి వచ్చింది. 2009 తర్వాత వెనామీ రొయ్య వచ్చి గుంటలు మళ్ళీ పెరిగాయి. చట్టం కాగితం మీద ఉంటుంది, ఊట మాత్రం గట్టు కింద నుంచి వస్తుంది.

దారిలో బకింగ్‌హామ్ కాలవ దాటుతారు. తీరం వెంబడి ఉత్తరానికీ దక్షిణానికీ సాగిపోయే ఉప్పునీటి కాలవ. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసు పొయ్యేవి. 1877, 78 కరువులో కూలి పనుల కింద కొంత భాగం తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. వంతెన మీద కాసేపు ఆగండి. రోడ్డు, లారీ రాకముందు మన ధాన్యం ఎట్టా కదిలిందో అక్కడ తెలుస్తుంది.

చేతిలో ఉప్పు కొలిచే చిన్న మీటరు ఉంటే తీసుకురండి. పెన్న నీళ్ళు, కాలవ నీళ్ళు, చేతిపంపు నీళ్ళు, గుంట పక్క మురుగు కాలవ నీళ్ళు, నాలుగు చోట్లా ముంచి రాసుకోండి. పిల్లలతో చేయిస్తే ఇంకా మంచిది. అయితే నీళ్ళ కొలత వేరు, మట్టి సారం కొలత వేరు. మట్టి సంగతి తేల్చుకోవాలంటే పరీక్షకు పంపాల్సిందే.

మైపాడు, ఇంకా చలికాలంలో నేలపట్టు

మైపాడు బీచికి తెల్లారుజామున పోతే వలలు లాగడం చూడొచ్చు. అక్కడే చేపలు కొనుక్కోవచ్చు. మధ్యాహ్నం నెల్లూరు చేపల పులుసు, మామిడికాయల కాలమైతే మామిడికాయ వేసింది, తినండి. సముద్రంలో లోతుకు దిగొద్దు, ఈ తీరం లోపలికి లాగుతుంది.

రెండో రోజు ఉండేవాళ్ళు అక్టోబరు నుంచి మార్చి మధ్య అయితే నేలపట్టు పోండి. జిల్లాలు విడదీసినాక అది తిరుపతి జిల్లాలోకి పొయింది, దొరవారిసత్రం దగ్గర. 458 హెక్టార్ల పైచిలుకు పక్షుల రక్షిత ప్రాంతం. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్షులు వస్తే ఊరికి మంచిదని జనం వాటిని కాపాడుకుంటా వచ్చారు. చెరువులో పడిన రెట్టతో నీళ్ళు సారవంతమవుతాయి, ఆ నీళ్ళు కింద పొలాలకు పారతాయి. ఎరువుల బస్తా లేని రోజుల్నుంచీ నడుస్తున్న ఏర్పాటు అది. ఒక్కరు తుపాకి పేల్చినా, ఒక్కరు చెట్లు నరికినా ఆ ఏర్పాటు చెడిపోయేది. ఊరంతా ఒక మాట మీద ఉంది కాబట్టి నిలబడింది.

వీడియో తీసేవాళ్ళకు ఒక మాట

అమిష్ వాళ్ళు మొహాలకు ఎదురుగా ఫొటో తీయనివ్వరు. అది వాళ్ళ నమ్మకం. అయినా యాత్రికులు కారు అద్దాలు దించి తీస్తూనే ఉంటారు. అక్కడ అది చూసి నాకు మన యూట్యూబ్ వీడియోలు గుర్తుకొచ్చాయి.

మన తీరంలో యానాదులు ఉన్నారు. కయ్యల్లో ఎలుకలు పట్టడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. ఎలుకల మందు పెట్టని ప్రకృతి రైతుకు వాళ్ళ కంటే పెద్ద దన్ను ఇంకెవరూ లేరు. మందు పెడితే చచ్చిన ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది, యానాది పడితే ఎలుక ఒక్కటే పోతుంది. అట్టాంటి మనుషుల్ని 'ఎలుకలు తినేవాళ్ళు' అని పేరు పెట్టి, వింత చూపించినట్టు వీడియోలు తీసి వదులుతున్నారు. ఈ వర్గానికి నేరస్థుల జాతి అన్న ముద్ర పోగొట్టడానికి వెన్నెలకంటి రాఘవయ్య గారు నెల్లూరులో ఉండి బతుకంతా పని చేశారు. మనం ఫోను పట్టుకుని ఇంకో ముద్ర వేయొద్దు.

కాబట్టి పద్ధతి ఇది. ముందు పలకరించండి, ఊరు పేరు చెప్పుకోండి, పని గురించి అడగండి. తీయొచ్చా అని అడిగి, వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి. పని చేయించి తీస్తే కూలి ఇవ్వండి. జాలరి అమ్మలు చేపలు ఎండబెట్టే చోట కూడా ఇదే పద్ధతి. మా వీడియోలో కొందరి మొహాలు కనపడవు, గొంతులే వినపడతాయి. వాళ్ళు అట్టా కోరుకున్నారు.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదు

మొన్న వేసవిలో మా తూము కింద రైతులం తొమ్మిది మందిమి కలిసి పల్లిపాడు పొయినాం. కారణం ఉంది. మాలో ఒక తమ్ముడికి ఎకరంన్నర గుంటకు కౌలు ఇమ్మని బయటివాళ్ళు అడిగారు. అతని పొలం సరిగ్గా కాలవ మధ్యలో ఉంది. అది గుంట అయితే కింద ఉన్న ఆరుగురికి నా తూర్పు కయ్యల గతే. ఊళ్ళో కూర్చుంటే మాటా మాటా పెరుగుతుందని, బండ్ల మీద ఆశ్రమానికి పొయినాం. చెట్టు కింద మా ఇంటోళ్ళు కట్టిచ్చిన పులిహోర తిని మాట్లాడుకున్నాం.

ఆ తమ్ముడు తిన్నగా అడిగాడు. "మీ కయ్యలు బాగుండాలని నేను నష్టపోవాలా? మీరెవరన్నా నా అప్పు కడతారా?" అని. ఎవరూ మాట్లాడలా. న్యాయమైన ప్రశ్న అది. అమిష్ వాళ్ళ కట్టుబాటు నిలబడింది ఒక్క వద్దనడం వల్లనే కాదు. ఒకడి కొట్టం కాలిపోతే ఊరంతా వచ్చి మళ్ళీ లేపుతుంది, జబ్బు చేస్తే అందరూ కలిసి ఖర్చు పెట్టుకుంటారు. వద్దనే హక్కు ఊరికి ఊరికే రాలేదు, ఆదుకునే బాధ్యత తీసుకున్నాక వచ్చింది.

సాయంత్రానికి కుదిరింది ఇంతే. ఈ తూము కింద ఎవరూ మిగతావాళ్ళకు చెప్పకుండా గుంటకు కౌలు ఇవ్వకూడదు. ఆ తమ్ముడి ధాన్యం ఈ ఏడు మేమందరం మా ధాన్యంతో కలిపి, బియ్యం పట్టించి, నెల్లూరులో తెలిసిన ఇళ్ళకు నేరుగా అమ్మిపెట్టాలి. ఎనిమిది మంది ఒప్పుకున్నారు, ఒకాయన ఒప్పుకోలేదు. కౌలు మాట ఈ ఏటికి ఆగింది. వచ్చే ఏడు ఏమవుతుందో బియ్యం ధర చెప్పాల. ఇంతకంటే పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అయినా ఈ జిల్లాకు కలిసి వద్దనడం కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకునే బడిలో కూర్చుని సారా అంగడి వద్దన్నారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రం మొత్తం సారా నిషేధం వచ్చింది. ఒక్క ఆడమనిషి తన మొగుణ్ణి తాగొద్దంటే ఇంట్లో తన్నులు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఊరి ఆడవాళ్ళంతా అంగడి ముందు నిలబడితే ప్రభుత్వం దిగొచ్చింది. మన ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, ప్రపంచం మనవైపు చూస్తోంది. సంతోషం. కానీ ఒక్కో రైతు తన గట్టు లోపల చేసుకుంటే సరిపోదు. తూము కింద అందరూ కలిస్తేనే ఈ తీరంలో ఇది నిలబడుతుంది.

మీరు పొయ్యేటప్పుడు

ఒక్కరే పోవద్దు. మీ కాలవ కింద, మీ చెరువు కింద ఉండే రైతుల్ని, ముఖ్యంగా మీ పద్ధతి ఒప్పుకోనివాళ్ళను, వెంటబెట్టుకు పోండి. ఆడవాళ్ళను తప్పకుండా తీసుకుపోండి, అప్పు లెక్కలు వాళ్ళకే బాగా తెలుసు. పొద్దున ఆరుకు నెల్లూరులో బయల్దేరితే మైపాడులో వలలు చూసుకుని, ఎండెక్కేలోపల కాలవ, కయ్యలు, గుంటలు చూసి, మధ్యాహ్నానికి పల్లిపాడు చేరొచ్చు. భోజనం కట్టించుకుపోండి, ప్లాస్టిక్ సంచులు ఆశ్రమంలో వదలొద్దు. మంచినీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి.

చెట్టు కింద కూర్చున్నాక మూడు ప్రశ్నలు వేసుకోండి. మన నీళ్ళలో, మన మట్టిలో ఏది వస్తే మనం ఒకరికొకరం శత్రువులమవుతాం? దాన్ని వద్దనాలంటే నష్టపోయేది ఎవరు? ఆ నష్టంలో మనం తలా ఎంత పంచుకుంటాం? మూడో ప్రశ్న దగ్గర అందరూ నేల చూపులు చూస్తారు. అక్కడే ఆగకుండా ఇంకో అరగంట కూర్చోండి.

ఎడగారు నారు పోసేలోపల ఒకసారి పొయ్యిరండి.